ఆ పోస్టరు మళ్ళీ పెట్టండి

ఆ రోజు చిట్టి ఆఫీసుకు సెలవు పెట్టింది. అక్కను ఆసుపత్రికి తీసుకెళ్ళి, స్కానింగు చేయించి, మళ్ళీ ఇంట్లో దిగబెట్టాలి. అంతే పని. బావ ఊళ్ళో లేడు. మందుల దెబ్బకు తల మీది జుట్టంతా రాలిపోయినప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి అక్క. కానీ ఆ స్కానింగు గది తలుపు మూసుకుంటే మాత్రం చిన్నపిల్లయిపోతుంది.

"లోపలికి రానక్కర్లేదు. తలుపవతల నువ్వున్నావని తెలిస్తే చాలు," అంది అక్క చెప్పులు వేసుకుంటూ.

"నేనుండగా నీకు భయమేంటక్కా?" అంది చిట్టి.

వీధి మలుపులో ఫ్యాన్సీ షాపు అద్దానికి కొత్త పోస్టరు అంటించి ఉంది. నడుం దాకా జుట్టున్న అమ్మాయి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. కింద ఇంతేసి అక్షరాలు: "జుట్టు లేని ఆడదాన్ని ఎవరు చూస్తారు? ఈరోజే మా షాంపూ వాడండి!"

అక్క ఆగి చదివింది. తలకు చుట్టుకున్న స్కార్ఫును చెవుల మీదికి లాక్కుంది. ఏమీ అనలేదు.

అనడానికి చిట్టి ఉంది కదా. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎంత పొగరు వీళ్ళకి! ఇది రాసినవాడింట్లో ఆడవాళ్ళు లేరా? జబ్బు చేసినవాళ్ళు లేరా? వీళ్ళని ఊరికే వదలకూడదు!"

"పదవే, టైమవుతోంది."

"ఒక్క నిమిషమక్కా."

ఆ ఒక్క నిమిషంలో ఫొటో తీసి అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ గ్రూపులో పెట్టేసింది. "మా అక్కకు ఇంత అవమానం జరిగింది. ఇది చూసి కూడా ఊరుకుంటామా?" అని రాసింది.

ఊరుకోలేదు. బస్టాపు చేరేలోపే ఫోను మోగడం మొదలైంది. అక్కకు అవమానం జరిగిందని చిట్టి రాస్తే, షాపువాడే అక్కను తిట్టాడని ఒకావిడ అర్థం చేసుకుంది. ఆవిడ మాట విన్న మరొకావిడ, స్కార్ఫు లాగేశాడని అందరికీ చెప్పింది. పై అంతస్తు లాయరమ్మ ఫోను చేసేసరికి షాపువాడు చెయ్యి కూడా చేసుకున్నాడు.

"కొట్టలేదండీ! అసలు మేం లోపలికే వెళ్ళలేదు!"

"మీరు భయపడి దాచకండి. మేమున్నాం. అందరం కింద హాల్లో కలుస్తున్నాం, వెంటనే రండి."

చిట్టి తల పట్టుకుంది. "నేను వెళ్ళి అసలు సంగతి చెప్పకపోతే ఆ షాపు మీద పడేలా ఉన్నారక్కా. నువ్వు బస్సెక్కు. నీ వెనకే వచ్చేస్తా."

అక్క బస్సెక్కింది. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి వెనక్కే చూసింది.

హాల్లో అసలు సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది. రిటైరైన ప్రిన్సిపాల్ మేడమ్ అధ్యక్షురాలై, ముందుగా అందరి ఫోన్లూ సైలెంట్‌లో పెట్టించింది. 'ఖండిస్తున్నాం' అనాలా, 'తీవ్రంగా ఖండిస్తున్నాం' అనాలా అన్న దగ్గర సగం పూట గడిచింది. తలా ఒక సీసా కొని, కెమెరా ముందు కాలవలో పారబోద్దామంది యోగా టీచరు.

"కొంటే వాడికే లాభం కదండీ?" అని ఎవరో గొణిగారు.

"అది వ్యాపారం. మనది ఆత్మగౌరవం," అంది ప్రిన్సిపాల్ మేడమ్.

అప్పుడు చిట్టిని మాట్లాడమన్నారు. అసలు సంగతి చెబుదామనే లేచింది. "మా అక్క..." అనగానే చప్పట్లు పడ్డాయి. ఆఫీసులో ఏళ్ళ తరబడి పనిచేసినా తన మాటకు ఎవరూ చప్పట్లు కొట్టి ఎరగరు. ఆ తర్వాత నోరు ఆగలేదు. సంచిలో ఫోను వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది. ఆమె చూడలేదు.

సాయంత్రానికి ఊరేగింపు షాపు ముందుకు చేరింది. వీడియో తీయడానికి ప్రిన్సిపాల్ మేడమ్ మేనల్లుడు కూడా వచ్చాడు. తీరా చూస్తే అద్దం మీద పోస్టరు లేదు.

"ఏదీ?" అని గర్జించింది లాయరమ్మ.

"తీసేశానమ్మా," అన్నాడు షాపతను బిక్కచచ్చిపోయి. "కంపెనీవాళ్ళు అంటించిపోయారు, నేను సరిగా చదవనే లేదు. ఇందాక ఒకావిడ వచ్చి, బాధగా ఉంది తీసేయమంది. తీసేశాను."

"ఎవరినడిగి తీసేశారు?"

షాపతను ఖాళీ అద్దం వైపు చూశాడు.

"పోస్టరు లేకుండా వీడియో ఎవరు చూస్తారత్తా?" అన్నాడు మేనల్లుడు.

"మళ్ళీ పెట్టండి. కాసేపే," అంది ప్రిన్సిపాల్ మేడమ్.

"అమ్మో, పెట్టనమ్మా. అది తప్పని ఆవిడ చెప్పింది."

"తప్పే! అందుకే పెట్టమంటున్నాం!"

చేసేది లేక చెత్తబుట్టలోంచి దాన్ని తీసి ఇచ్చాడు. జిగురు పోయి అద్దానికి అంటుకోలేదు. చివరికి చిట్టే దాన్ని రెండు చేతులతో తల పైకెత్తి పట్టుకుంది. మిగతావాళ్ళు షాపులో ఉన్న సీసాలన్నీ కొనేసి కాలవలో ఒంపారు. నురగ పొంగి రోడ్డెక్కింది. చిట్టి తన పెద్ద జడ ఊగిపోయేలా గొంతు చించుకుని నినాదాలు ఇస్తోంది.

"అదిగో, ఆవిడే!" అన్నాడు షాపతను.

రోడ్డవతల, చేతిలో మందుల సంచితో అక్క నిలబడి ఉంది.

"నీ కోసమేనక్కా ఇదంతా!" అని అరిచింది చిట్టి.

అక్క నురగ దాటుకుని దగ్గరికొచ్చింది. "నా కోసమే అయితే ఆ తలుపవతల నిలబడితే సరిపోయేది కదే. ఎన్నిసార్లు ఫోన్ చేశానో చూసుకో."

చిట్టి చేతులు వాటంతటవే కిందికి దిగిపోయాయి.

"మరి స్కానింగు ఎలా...?"

"ఎలాగో అయింది. ఆసుపత్రి పక్క మందుల షాపులోనూ ఇదే పోస్టరుంది. మేనేజరు తీయనన్నాడు. అప్పటికే ఒళ్ళు మండి ఉన్నానేమో, స్కార్ఫు తీసేసి సరిగ్గా దాని కింద కుర్చీలో కూర్చున్నా. వచ్చినవాళ్ళు అది చదవడం, నన్ను చూడడం, మేనేజరు వైపు తిరగడం. చివరికి తనే స్టూలెక్కి పీకేశాడు."

గుంపంతా నోరెళ్ళబెట్టింది. ముందుగా తేరుకున్నది లాయరమ్మ. "అబ్బ, ఎంత బాగుందండీ! ఇంకోసారి అలా కూర్చుంటారా, వీడియో తీద్దాం?"

"కూర్చుంటాను. బస్టాండు దగ్గర ఇంకోటుంది, ఇప్పుడే వెళ్తున్నా. వీడియో వద్దు. పక్కన కూర్చోవడానికి మీరంతా వస్తారా?"

ఒకావిడకు పొయ్యి మీద పెట్టిన గిన్నె గుర్తొచ్చింది. మరొకావిడకు పిల్లల ట్యూషను గుర్తొచ్చింది. చూస్తుండగానే రోడ్డు మీద నురగ తప్ప ఏమీ మిగల్లేదు.

చిట్టి పోస్టరును నిలువునా చింపి బుట్టలో పడేసి, అక్క చేతిలోని సంచి అందుకుంది. కళ్ళెత్తి చూడలేకపోయింది. "రిపోర్టు ఎప్పుడిస్తారక్కా? నేనొస్తా."

"చూద్దాంలే. ముందు బస్టాండు దాకా రా," అంది అక్క.

ఇద్దరూ నడిచారు. ఆ సాయంత్రం బస్టాండు పోస్టరు కూడా ఊడింది.

మేనల్లుడు మాత్రం ఆ రాత్రే వీడియో పెట్టాడు, తొందరలో శబ్దం ఎక్కించడం మరిచిపోయి. మర్నాడు షాపు తలుపు తీసేసరికి జనం వరసలో నిలబడి, ఆ పోస్టరు పట్టుకున్న పెద్ద జడావిడ ఏ షాంపూ వాడుతుందో అదే ఇమ్మన్నారు.