ఉర్పిమార్కా అభివృద్ధికి తగిన లెన్స్

ఉర్పిమార్కా పురపాలక సంఘం సగర్వంగా తెలియజేయునది ఏమనగా, పట్టణంలో జరుగుతున్న అభివృద్ధి ఇకమీదట స్పష్టంగా కనిపించును. ఇందుకుగాను కొత్త కెమెరా కొంటున్నారు. ఈ ప్రకటనను మేయర్ డాన్ ఫోర్తునాతో గారు చర్చి మెట్ల మీద నిలబడి స్వయంగా చదివారు. చప్పట్లు కూడా ఆయనే మొదలుపెట్టారు.

ఇన్నాళ్లూ అభివృద్ధి కనిపించకపోవడానికి పాత కెమెరాయే కారణమని మేయరుగారు ఎంతో శ్రమించి కనిపెట్టారు. బంగాళాదుంపల పండగలో ఆయన ఒక బస్తా పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో పంపితే, గవర్నరు ఆఫీసువాళ్లు బస్తానే మేయరనుకుని అభినందించారట.

కెమెరా వార్తకు నిజంగా సంబరపడ్డది మాత్రం మున్సిపల్ ఫోటోగ్రాఫరు నెలీదా. ఆమె తల్లి సతుర్నీనా ఉండేది కొండమీది పేటలో. ఆ పేటలో కొళాయి ఉంది, దానికి పైపు లేదు. గురువారం గురువారం గవర్నరు పంపే ట్యాంకరు వస్తే నీళ్లు, రాకపోతే లోయలోని ఏటికి దిగి మోసుకోవాలి. ముసలామె మోకాళ్లకు ఆ దారి ఇక చేతకాదు. మంచి కెమెరా ఉంటే ఎండిన కొళాయి గవర్నరుకు కళ్లకు కట్టినట్టు చూపించవచ్చని నెలీదా ఆశ.

కెమెరా ఎంపికకు ఉన్నతస్థాయి కమిటీ కూర్చుంది. మేయరుగారు, ఆయన బావమరిది అయిన కార్యదర్శి ఎదిల్బెర్తో, నెలీదా.

“ఎన్ని మెగాపిక్సెళ్లు తీసుకుందాం?” అన్నారు మేయరు.

“పక్క ఊరివాళ్ల కంటే ఎక్కువ ఉండాలి బావా. ఎన్నయినా పర్లేదు.”

“మెగాపిక్సెళ్లలో ఏముంది సార్,” అంది నెలీదా. “ఫోటో పదునుగా రావాలంటే లెన్స్ మంచిదవ్వాలి. వీడియో ఊగకుండా ట్రైపాడ్ కావాలి, మాటలు వినబడ్డానికి మైకు...”

“ఎవరి మాటలు?”

“జనం మాటలు సార్.”

“వాటి మీద వెయ్యడానికి బ్యాండుమేళం ఉందిగా. మైకు జాబితాలోంచి కొట్టెయ్.”

చివరికి లెన్సులు రెండు వచ్చాయి. దగ్గరా దూరమూ అంతా తేటగా తీసేది నెలీదా పట్టుబట్టి తెప్పించుకుంది. మనిషిని మాత్రమే తేటగా తీసి వెనకాలదంతా మసకలో కలిపేసేది ఎదిల్బెర్తో తెప్పించారు. ఆయన కూతురి పెళ్లి దగ్గర పడింది.

కెమెరాకు తొలి అవకాశం కొండమీది పేట కొళాయికే దక్కింది. ఆ కొళాయిని ఇదివరకే ముగ్గురు మేయర్లు ప్రారంభించారు కాబట్టి దానికి బెరుకేమీ లేదు. ఊరి రివాజు ప్రకారం, బాప్తిస్మం పొందే బిడ్డకు ఉన్నట్టే, కట్టిన ప్రతిదానికీ సీసా పగలగొట్టి ప్రారంభించే ఒక జ్ఞానతల్లి ఉండాలి. పేటలో పెద్దదని సతుర్నీనాను నిలబెట్టారు. రిబ్బనుకు వేలాడుతున్న చిచా అనే మొక్కజొన్న కల్లు సీసాను ఆమె సుత్తితో ఒక్క దెబ్బ కొట్టింది.

“తాగేదాన్ని మట్టిపాలు చేయించారు కదయ్యా,” అని గొణిగింది.

మేయరుగారు కొళాయి తిప్పారు. నీళ్లు దూకాయి! జనం నోళ్లు తెరిచారు.

“జ్ఞానతల్లీ, రుచి ఎలా ఉంది?”

“గురువారం నీళ్లలాగే ఉన్నాయి నాయనా. ఇవాళ గురువారమేగా.”

మేయరుగారు గబగబా కెమెరా తెరలోకి తొంగిచూశారు. ఒక్కో నీటిబొట్టూ ముత్యంలా వచ్చింది. ఆయన మీసాలు వెంట్రుక వెంట్రుకా వచ్చాయి. బడి గోడ వెనక నిలబెట్టిన ట్యాంకరు వచ్చింది, దాన్నుంచి కొళాయిదాకా పాకిన గొట్టం వచ్చింది, డ్రైవరు ఆవులింత కూడా వచ్చింది.

“ఇదేమిటమ్మాయ్?”

“ట్యాంకరు సార్.”

“మన వీడియోలో అదెందుకు పడింది?”

“అక్కడుంది గనక సార్.”

“నేనూ ఉన్నానుగా! నేను చాలనా?”

ఎదిల్బెర్తో పెళ్లి లెన్స్ తీసి అందించారు. నెలీదాకు ఇష్టం లేదు. అయినా లెన్స్ మార్చింది. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. సతుర్నీనా తిట్టుకుంటూ రెండో సీసా పగలగొట్టింది. ఈసారి మేయరుగారూ నీళ్లూ అద్దంలా మెరిశారు. వెనక ట్యాంకరు తెల్లటి మబ్బులా, చూడముచ్చటగా మారిపోయింది.

వీడియో చూసి గవర్నరు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఇంత తేటైన నీళ్లు తాము ఏ ఊళ్లోనూ చూడలేదని, మేయరుగారికి ప్రశంసాపత్రం పంపుతున్నామని చెప్పారు. నీళ్లు వచ్చేశాయి గనుక ట్యాంకరును ఇక వేరే ఊరికి తిప్పుతున్నామని కూడా చెప్పారు. మేయరుగారు రెండింటికీ కలిపి కృతజ్ఞతలు తెలిపారు.

తర్వాతి గురువారం పొద్దున్నే మేయరుగారు నెలీదాను వెంటబెట్టుకుని కొండమీది పేటకు ఎక్కారు. వీధి బోసిగా ఉంది.

“చూశావా అమ్మాయ్! గురువారమొస్తే బకెట్ల వరస ఈ మూల నుంచి ఆ మూలకు ఉండేది. ఇవాళ పిట్ట కూడా లేదు. ఇదీ అభివృద్ధంటే! మొదటి లెన్స్ పెట్టు, వీధి వీధంతా తేటగా రావాలి.”

నెలీదా లెన్స్ పెట్టి చూసింది. వీధి చివర, ఏటి నుంచి వచ్చే దారిలో, ఒక ముసలామె రెండు చేతులా బకెట్లతో ఎక్కుతోంది. రెండడుగులు వేసి బకెట్లు దించింది. మోకాళ్లు పట్టుకుని నిలబడింది.

మేయరుగారు కూడా తెరలోకి చూశారు. “ఎవరావిడ, సరిగ్గా మధ్యలో? పక్కకి తప్పుకోమను.”

“మా అమ్మ సార్.”

“ఓ, అయితే మరీ మంచిది,” అన్నారు మేయరుగారు. “నువ్వు చెబితే వింటుంది.”