ఏడవని పిల్లలే కావలెను

ఒక పెద్ద అడవిలో, పులి మొదలుకొని పిచ్చుక దాకా అందరికీ ఉద్యోగాలు వచ్చిపడ్డ కాలంలో, బొంతమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. అడవి పంచాయతీలో తేనెపట్టుల తనిఖీ అధికారి. ఆవిడ సరేననందే ఏ పట్టూ అంగడికి ఎక్కేది కాదు. గోటితో గుచ్చి చూసేది, వాసన చూసేది, నాకి చూసేది, అనుమానం తీరక ఇంకోసారి నాకేది.

"బొంతమ్మ గారి కళ్ళు కప్పడం మా వల్ల కాదు" అని తేనెటీగలే ఒప్పుకునేవి. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా బొంతమ్మ కాస్త పొడుగయ్యేది.

భర్త గొంగళయ్య కొండ అవతల చెదపుట్టలు తవ్వే పనిలో ఉన్నాడు. వాళ్ళకు ఒక్కడే కొడుకు, దూదిగాడు. బొద్దుగా, మెత్తగా, ఎవరు ఎత్తుకున్నా మెడ పట్టుకు వేలాడే రకం. అంతా బాగానే ఉంది కానీ ఒక్కటే చిక్కు. వాడికి తేనె పడదు.

నాలుక మీద చుక్క పడితే చాలు, మూతి బూరెలా పొంగేది, ఊపిరి కీచుమనేది. అప్పటికి రెండుసార్లు అలా అయింది. రెండుసార్లూ బొంతమ్మ గుహ ద్వారానికి అడ్డంగా కూర్చుని, వచ్చిన వాళ్ళందరికీ "పళ్ళొస్తున్నాయి పిల్లాడికి" అని చెప్పి పంపేసింది. తేనె శాఖ అధికారి కొడుక్కి తేనె పడదని తెలిస్తే ఆఫీసులో తలెత్తుకుని తిరగగలదా మరి?

ప్రసూతి సెలవు అయిపోవచ్చింది. పిల్లాణ్ణి పగలు ఎక్కడైనా వదలాలి. దగ్గర్లో రెండే చోట్లున్నాయి.

మొదటిది వరాలమ్మది. వరాలమ్మ అడవిపంది. మద్దిచెట్టు కింద బురదగుంట పక్కన తన పిల్లలతో పాటు నలుగురి పిల్లల్ని చూసుకునేది. బొంతమ్మ వెళ్ళేసరికి ఒళ్ళంతా బురద పూసుకున్న ఒక కుందేలు పిల్ల ఆమె వీపెక్కి చెవి కొరుకుతోంది.

"రా అమ్మా, కూర్చో" అంది వరాలమ్మ, చెవి విడిపించుకోకుండానే. "మీవాడికి ఏం పడదు?"

బొంతమ్మ గతుక్కుమంది. "పడకపోవడం ఏమిటి? ఎలుగుబంటి పిల్ల!"

"ఏడిస్తే ఎలా ఊరుకుంటాడు? ఎత్తుకోవాలా, పాట పాడాలా? సాయంత్రం నువ్వు కాక ఇంకెవరైనా వస్తే పంపాలా, వద్దా? నువ్వు మాత్రం ఎప్పుడైనా రావచ్చు, చెప్పి రానక్కర్లేదు."

ఇల్లు చేరేదాకా బొంతమ్మ గొణుగుతూనే ఉంది. "పిల్లాణ్ణి చేర్చుకోమంటే నేరస్థుణ్ణి అడిగినట్టు అడుగుతుందేమిటి? పైగా ఆ బురద!"

రెండోది నెమలి పింఛాలరావు గారి శిశువిహారం. గుమ్మానికి మోదుగపూల తోరణాలు, రాళ్ళ మీద రంగుల బొమ్మలు. పెద్ద పులి గారి మనవరాలు అక్కడే చేరిందని అడవంతా చెప్పుకునేవారు. అక్కడ చేర్చుకునే ముందు తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ ఉంటుంది. ఏడిచే పిల్లల్నీ, పేచీ పిల్లల్నీ, అదిపడదు ఇదిపడదు అనే పిల్లల్నీ పింఛాలరావు తీసుకోడు. ఎవరేం చెప్పినా గుర్తు పెట్టుకోడానికి కొమ్మ మీద ఒక రామచిలక ఉంటుంది. ఒక్కసారి వింటే చాలు, మరిచిపోదు.

ఇంటర్వ్యూకి బయల్దేరే ముందు గొంగళయ్య మెల్లగా అడిగాడు.

"తేనె సంగతి చెబుతావా?"

"చెబితే సీటిస్తారా? మీరు నోరు తెరవకండి. నేను మాట్లాడతాను."

గొంగళయ్యకు నోరు తెరవకపోవడం బాగా అలవాటే.

పింఛాలరావు పురి విప్పి ఒకసారి గుండ్రంగా తిరిగాక అడిగాడు. "బాబు ఏడుస్తాడా?"

"పుట్టినప్పుడొకసారి, డాక్టరు గారి తృప్తి కోసం ఏడ్చాడండి. అంతే."

"నిద్ర?"

"తనంతట తనే వెళ్ళి పడుకుంటాడు."

"తిండిలో పడనివేమైనా...?"

"అయ్యో, అన్నీ తింటాడండి! తేనె అయితే మరీనూ. ఆపలేం."

తేనె గురించి ఎవరూ అడగలేదు. ఆ మాట ఎందుకన్నదో బొంతమ్మకే తెలియలేదు. గొంగళయ్య దగ్గాడు. బొంతమ్మ అతని కాలు తొక్కింది. కొమ్మ మీద చిలక అంతా బుద్ధిగా వింది.

"మీరేమైనా అడగాలా?" అన్నాడు పింఛాలరావు.

బొంతమ్మ అడిగింది. పులి గారి మనవరాలు మావాడి పక్కనే కూర్చుంటుందా అని అడిగింది. సింహగర్జన ఏ వయసులో నేర్పుతారని అడిగింది. పిల్లాణ్ణి ఎత్తుకునేదెవరని మాత్రం అడగలేదు. "ఒక్కో పిల్లకి ఒక్కో ఆయా. తల్లిదండ్రులు పౌర్ణమికి పౌర్ణమికి లోపలికి వచ్చి చూసుకోవచ్చు" అని ఆయనంతట ఆయనే చెబితే, ఎంత క్రమశిక్షణో అని మురిసిపోయింది.

సీటు వచ్చింది. బొంతమ్మ ఆఫీసులో అందరికీ ఇప్పపూలు పంచింది.

దూదిగాడు రోజూ పొద్దున తల్లి కాలు పట్టుకుని వదిలేవాడు కాదు. "అలవాటు పడతాడు" అనేది బొంతమ్మ. కొన్నాళ్ళకు పట్టుకోవడం మానేశాడు. సాయంత్రం వచ్చి ఒక మూల కూర్చుని గోళ్ళు చూసుకునేవాడు. "చూశారా, ఎంత పెద్దరికం వచ్చిందో!" అనేది భర్తతో.

"ఊ" అనేవాడు గొంగళయ్య.

ఒకనాటి మధ్యాహ్నం బొంతమ్మ చెట్టెక్కి ఒక పట్టును మూడోసారి వాసన చూస్తుండగా ఒక కోతి కొమ్మల మీదుగా ఊగుతూ వచ్చింది.

"బొంతమ్మ గారూ! మీవాడి మూతి వాచిపోయింది, ఊపిరాడటం లేదు, రండి!"

బొంతమ్మ చెట్టు దిగలేదు, పడింది. పడ్డది పడ్డట్టే లేచి పరుగెత్తింది.

ఆ రోజు శిశువిహారం పండగ. తేనె శాఖ అధికారి కొడుకున్నాడు కదా అని పింఛాలరావు గారు ప్రత్యేకంగా తేనె తెప్పించి, దూదిగాడికి రెండింతలు పెట్టించాడు. పిల్లాడు వద్దని తల అటూ ఇటూ తిప్పాడట. సిగ్గుపడుతున్నాడనుకున్నారట.

దూదిగాడి కళ్ళు మూసుకుపోయాయి. ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. పింఛాలరావు తోకతో విసురుతున్నాడు. అంత పెద్ద శిశువిహారానికీ ఉన్న ఒకే ఒక్క ఆయా, పెద్ద పెద్ద గుండ్రటి కళ్ళున్న ఒక చిన్న దేవాంగపిల్లి. ఆవిడ ఒంటి నిండా పిల్లలు వేలాడుతున్నారు.

"ఏడుస్తుంటే ఎవరూ చూడలేదా?" అని అరిచింది బొంతమ్మ.

"రోజూ అలాగే చేస్తాడమ్మా" అంది దేవాంగపిల్లి. "ఏడవడని మీరే చెప్పారట కదా. పాట పాడుకుంటున్నాడేమో అనుకున్నాను."

బొంతమ్మ పిల్లాణ్ణి నోట కరుచుకుని వాగు ఒడ్డుకు పరుగెత్తింది. అక్కడ వైద్యుడు తాబేలు. గొంగళయ్య కూడా ఎలా తెలిసిందో రొప్పుతూ వచ్చి చేరాడు.

తాబేలు దూదిగాడి ఛాతీ మీద చెవి పెట్టి, "ఇదివరకెప్పుడైనా ఇలా అయిందా? త్వరగా చెప్పు, దాన్నిబట్టే మందు" అన్నాడు.

"లేదండీ" అంది బొంతమ్మ.

అనేశాక తన నోటిని తనే నమ్మలేకపోయింది. కొడుకు ఊపిరి కోసం కొట్టుకుంటుంటే కూడా పరువు ముందు పరుగెత్తుకొచ్చింది. అబద్ధం అంత సాఫీగా, పిలవకుండానే వస్తోంది.

"అయింది" అన్నాడు గొంగళయ్య. పెళ్ళయ్యాక అతను ఎదురు చెప్పిన మొదటి మాట అదే.

"అయింది. రెండుసార్లయింది. తేనె వల్ల" అంది బొంతమ్మ ఏడుస్తూ. "నేనే దాచాను."

తాబేలు నత్తనడక నడుస్తాడని పేరే గానీ, ఆ పూట చేతులు చకచకా ఆడాయి. ఏదో వేరు నూరాడు, ఏదో పసరు పిండాడు. పొద్దు వాలేసరికి కీచుదనం తగ్గింది. దూదిగాడు ఒక కన్ను తెరిచి తల్లిని చూసి, గట్టిగా, మనసారా ఏడ్చాడు. అంత చక్కటి ఏడుపు బొంతమ్మ ఎన్నడూ వినలేదు.

మర్నాడు తల్లిదండ్రుల సమావేశం. పెద్ద పులి అధ్యక్షుడు. బొంతమ్మకు రాత్రి పుట్టిన పశ్చాత్తాపం తెల్లారేసరికి కాస్త పలచబడి, కోపం చిక్కబడింది. దూదిగాణ్ణి భుజాన వేసుకుని లేచి నిలబడింది.

"నా కొడుక్కి తేనె పెట్టారు! ఒక్క మాటైనా అడగొద్దా?"

పింఛాలరావు చిలక వైపు చూశాడు. చిలక గొంతు సవరించుకుని, అచ్చం బొంతమ్మ గొంతుతో అంది. "అయ్యో, అన్నీ తింటాడండి! తేనె అయితే మరీనూ. ఆపలేం."

సభ గొల్లున నవ్వింది. బొంతమ్మ కూర్చుండిపోయింది. అంతమంది ముందు తన గొంతు ఎంత తియ్యగా, ఎంత బోలుగా ఉందో ఆమెకు మొదటిసారి వినపడింది.

చిక్కేమిటంటే చిలకకు మొదలుపెట్టడమే తెలుసు, ఆపడం తెలియదు. పులి గొంతుతో అంది: "మా మనవరాలా? పూర్తి శాకాహారి." సభలో జింక తల్లి చటుక్కున తన పిల్లను దగ్గరికి లాక్కుంది. చిలక దుమ్ములగొండి గొంతుతో అంది: "మావాడికి కొరకడమంటే ఏమిటో తెలియదు." చెవి సగం లేని తోడేలు పిల్ల లేచి నిలబడి చూపించింది. చివరికి పింఛాలరావు గొంతుతో, "పౌర్ణమి ఒక్కరోజు ఆ కొంగల్నీ బాతుల్నీ అద్దెకు తెచ్చి ఆయాల్లా నిలబెట్టండి" అంది.

పింఛాలరావు పురి దానంతటదే ముడుచుకుపోయింది.

పెద్ద పులి బాగా ఆలోచించి తీర్మానం చెప్పాడు. "ఇందులో తప్పెవరిదో స్పష్టంగానే ఉంది. గౌరవనీయులైన తల్లిదండ్రుల మాటల్ని బయటపెట్టినందుకు చిలకను ఉద్యోగంలోంచి తీసెయ్యాలి. సమ్మతమైన వాళ్ళు చేతులెత్తండి."

చేతులన్నీ లేచాయి.

"అమ్మా, నువ్వెందుకు ఎత్తావు?" అన్నాడు దూదిగాడు.

బొంతమ్మ పైకి చూసింది. నిజమే, తన చెయ్యి కూడా సగం దాకా లేచి ఉంది. ఆ చేత్తోనే చెవి గోక్కుని, పిల్లాణ్ణి ఎత్తుకుని బయటికి నడిచింది.

మద్దిచెట్టు కింద వరాలమ్మ కూర్చోమంది. ఎందుకు వచ్చావని అడగలేదు.

"మీవాడికి ఏం పడదు?"

"తేనె పడదు. చుక్క కూడా. పడుకోవాలంటే వీపు నిమరాలి. పిడుగులంటే భయం. సాయంత్రం మేమిద్దరం తప్ప ఎవరొచ్చినా పంపొద్దు. నేను మధ్యలో రావచ్చా, చెప్పకుండా?"

"రమ్మన్నాగా. ఏడుస్తాడా?"

"ఏడుస్తాడు" అంది బొంతమ్మ. "నేనూ ఏడుస్తాను."

"నువ్వు ఆ పొద చాటుకెళ్ళి ఏడువు తల్లీ. పిల్లలు బెదురుతారు" అంటూ వరాలమ్మ దూదిగాణ్ణి అందుకుంది.

పింఛాలరావు గారి శిశువిహారం ఇప్పటికీ కిటకిటలాడుతోంది. చిలక స్థానంలో ఒక చేపను నియమించారు. అన్నీ వింటుంది, ఏదీ బయటికి చెప్పదు. తల్లిదండ్రులు చాలా తృప్తిగా ఉన్నారు.

నీతి లేనిదే కథ ముగియదనే వాళ్ళ కోసం: అబద్ధమాడితే గానీ పిల్లల్ని చేర్చుకోని చోటు ఏదైనా దొరికితే, అక్కడ ముందుగా తల్లిదండ్రులే చేరాలి, సీటు గ్యారంటీ.