పేరు పలకలేని పాట

రేడియో బాబులారా, మా పాటని మాయం చేసింది మీరే! మా హాల్లో మంచి కుర్చీ వేయించుకుని, మా కొబ్బరిబోండాలు తాగి, చీటీలు లెక్కపెట్టింది మీరే. సోమవారం మధ్యాహ్నం మైకు ముందు కూర్చుని జాబితా చదివి, చివర్లో ముసిముసిగా నవ్విందీ మీరే. ‘మాకు తెలీదండీ’ అనబోతారు. తెలీకపోవడమే మీ నేరం.

సంగతి మొదటినుంచీ చెబుతాను.

ఏటా పెండలాలు తవ్వే కాలంలో, మన దీవుల స్వాతంత్ర్య దినానికి ముందు, మీరు మా దీవికో బిస్కెట్ల డబ్బా పంపుతారు. ‘ఈ కాలంలో మీకు నచ్చిన పాట ఏది, ఎందుకు?’ అని చీటీ రాసి అందులో వెయ్యాలి. ఎక్కువ చీటీలొచ్చిన ఐదు పాటల బ్యాండ్లని ఓడెక్కించి పట్నం తీసుకెళ్లి, పండగ వేదిక మీద పాడిస్తారు, రికార్డు చేయిస్తారు.

ఈ ఏడు మా ఉత్తరపు ఊళ్లలో ఎవరి నోట విన్నా ఒకటే పాట. కట్టింది మేబెల్. బళ్లో వంట చేస్తుంది, వేరే దీవి పిల్ల, పెళ్లి కాలేదు, ఇక్కడ చుట్టాలెవరూ లేరు. నలుగురాడపిల్లల్ని పోగేసి, రెండు ఉకులేలీలు, ఒక గిటారు, టీ పెట్టెకి కర్ర గుచ్చి తీగ బిగించిన బేసుతో బ్యాండు పెట్టింది. పాట మా పెద్దత్త మీద. సరుకు ఓడ మా రేవులో ఆగకుండా పోతుంటే, ఆవిడ పెండలాల గంపతో చిన్న పడవేసుకుని దానికి అడ్డం వెళ్లి కూర్చుంది. ఓడ ఆగింది. ఇదిగో, ఇప్పుడు మూడు నెలలుగా మళ్లీ ఆగడం లేదు. మా ఆడవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని కొండ దాటి దక్షిణపు రేవుకి పోతున్నారు. ఆ పాట పట్నం వేదిక మీద మోగితే ఓడ యజమాని ముందు వరసలో కూర్చుని వినాలి, నలుగురూ తన మొహంకేసి చూస్తుండగా. మాకు కావలసింది అదీ.

పాట పేరు ఆవిడ పేరే. నేను రాయలేను. ఆవిడ మా అత్తగారి అక్క. మా దగ్గర అత్తవారి వైపు పేర్లు నోటితో పలకం, చేత్తో రాయం. మేబెల్ బ్యాండులో కూడా ఇద్దరు ఆవిడింటి కోడళ్లే. పేరు వచ్చేచోట నోరు మూసుకుని తీగ మాత్రం గట్టిగా మీటుతారు. దానివల్లే పాటకి ఇంకా ఊపొచ్చిందని మా ఆవిడ అంటుంది.

సోమవారం మీ జాబితా విన్నాం. మొదటి పాటకి ఏడు చీటీలు. ఎర్ర గౌను పిల్ల మీద పాట. పాడినవాడికి అన్నదమ్ములు ఆరుగురు, వాడితో కలిపి ఏడు. సరిపోయింది. తరవాత నాలుగూ చదివారు. మా పాట లేదు. పదిలో లేదు, ఇరవైలో లేదు.

మేబెల్ రేడియో కట్టేసి, బేసు తీగ విప్పడం మొదలెట్టింది.

“ఎందుకు విప్పుతున్నావే?” అన్నాను.

“ఎవరికీ నచ్చలేదు కదన్నయ్యా. మొహమాటానికి ఎగిరారు మీరంతా.”

సరిగ్గా అప్పుడు మా బామ్మర్ది లోపలికొచ్చాడు. వాడి పేరు కూడా నేను రాయకూడదు. డిటెక్టివ్ అంటాను, వాడు చచ్చిపోయేంత సంతోషిస్తాడు.

“ఎవరూ కదలొద్దు!” అన్నాడు. ఉన్నది మేమిద్దరమే. “ఈ దీవి మీద నేరం ఊపిరి పీలిస్తే నా ముక్కుకి తెలుస్తుంది. నా మెదడు మామూలు మెదడు కాదు బావా. రాత్రి పెట్టిన వల లాంటిది. పొద్దున్న చూసేసరికి నేరస్థుడు అందులో గిలగిల్లాడుతుంటాడు.”

“కిందటి నెల మీ అమ్మ కోడిపుంజు పోతే ఏం పట్టావు?”

“కేసు ఇంకా తెరిచే ఉంది.”

“నువ్వు తిన్న కూర అదే కదరా!”

“సాక్ష్యం జీర్ణమైపోయింది. దాన్ని ఇప్పుడు తవ్వకు.”

ఒంటిమీద పాత వానకోటు. టార్చిలైటు ముందు అద్దం పీకి భూతద్దం చేసుకున్నాడు. మేబెల్‌కేసి చూసి కళ్లు సగం మూసి, “అమ్మాయీ, నీ పాటని ఎత్తుకుపోయారు. ఇది ముఠా పని,” అన్నాడు.

ఆ పిల్ల తీగ విప్పడం ఆపింది. ఆ ఒక్క కారణానికే నేను వాడి వెంట బయల్దేరాను.

దర్యాప్తు కొట్టు దగ్గర మొదలైంది. మా పెద్దత్త వాడికి సొంత పెద్దమ్మ. వాడికి పెళ్లి కాలేదు. అంచేత ఈ లోకంలో వాడు పలకకూడని పేరంటూ లేదు. బియ్యం కొంటున్న ఒకావిడ మొహం మీద భూతద్దం పెట్టి, పాట పేరు ఎలుగెత్తి అరిచాడు.

“ఆ పాటకి చీటీ వేశావా లేదా? చెప్పు!”

ఆవిడ రెండు చెవులూ మూసుకుని, బియ్యం అక్కడే వదిలి పరిగెత్తింది. పక్కనున్న ముసలాయన కొట్టు వెనక్కి పోయాడు. ఒక కుర్రకోడలైతే చంటిపిల్ల చెవులు కూడా మూసింది.

“చూశావా బావా? భయం! దీవంతా భయం గుప్పిట్లో ఉంది. ముఠా పేరెత్తితే వణికిపోతున్నారు.”

“ముఠా పేరు కాదురా సన్నాసీ. వాళ్ల అత్త పేరు నువ్వు మొహం మీద అరుస్తున్నావు. ఏం చేస్తారు మరి?”

“అలా అనుకోవాలనే ముఠా కోరుకుంటోంది.”

నాకూ అక్కడితో తట్టి ఉండాల్సింది. తట్టలేదు. మాకది ఊపిరి తీసుకున్నంత మామూలు. ఊపిరి గురించి ఎవడాలోచిస్తాడు?

బుధవారానికి వాడికో నేరస్థుడు దొరికాడు. నా తోడల్లుడు ఆల్ఫ్రెడ్, మా పెద్దత్త ఇల్లరికపుటల్లుడు; నాలాగే బయటివాడు కనక పేరు రాయొచ్చు. మీ డబ్బాకి కాపలా ఉన్నది, మీ మనిషి జెరెమై పక్కన కూర్చుని చీటీలు విప్పి అందించిందీ అతనే. అతని చేతుల మీద తెల్లపొడి కనబడింది.

“టాల్కం పౌడరు!” అన్నాడు డిటెక్టివ్, సముద్రం కూడా వినేలా.

పాట నచ్చితే పాడేవాళ్ల మెడకీ చెంపలకీ పౌడరు పూస్తాం, అది అందరం చేసేదే. “అయితే ఏంట్రా?” అన్నాను.

“అక్కడే ఉంది లోతు. మేబెల్ బ్యాండు రోజూ సాయంత్రం సాధన చేస్తోంది. వీడు రోజూ వెళ్లి పౌడరు పూస్తున్నాడు. అంటే పాటంటే ప్రాణం. కానీ దాని పేరెత్తితే లేచిపోతాడు. ప్రేమ! ద్వేషం! ఒకే గుండెలో! అంత నచ్చిన పాట లోకానికి దక్కకూడదని చీటీలు మింగేశాడు!”

“అల్లుడు కనక లేచిపోతాడురా!”

“నువ్వు మంచివాడివి బావా. అందుకే నువ్వు డిటెక్టివ్‌వి కాలేదు.”

హాలుకి వెళ్లాం. గెలిచిన బ్యాండ్లకి విందని ఆడవాళ్లు సీమపనసకాయలు కాల్చి, దంచి, నలోట్ అనే మెత్తటి ముద్ద చేసి పెద్ద చెక్కపళ్లెంలో బల్ల మీద పెట్టారు. పైన చిక్కటి కొబ్బరిపాలు అప్పుడే పోశారు. జెరెమై చెంచా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. డబ్బా గోడమీది అరలో ఉంది. మేబెల్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఆల్ఫ్రెడ్! నీ ఆట కట్టు!” అన్నాడు మావాడు. “నేరం ఎలా జరిగిందో నేను చూపిస్తాను. దొంగ పిల్లిలా వచ్చాడు.” పిల్లిలా నడిచాడు. “బెంచీ ఎక్కాడు.” ఎక్కాడు. “డబ్బా అందుకున్నాడు.” అందుకున్నాడు. “అప్పుడు...”

అప్పుడు, బెంచీకి అవతలి కొసన కూర్చున్న జెరెమై వాణ్ని ఆపడానికి లేచాడు. మావాడున్న కొస కిందికి పోయింది. డబ్బా పైకి పోయింది. వానకోటు, భూతద్దం, మావాడు, డబ్బాలో చీటీలన్నీ నలోట్‌లో పడ్డాయి.

ఆడవాళ్లు పెట్టిన తిట్లు ఇక్కడ రాయను. మీ రేడియోలో చదవలేరు.

“చీటీలు! అవి ఆఫీసు కాగితాలు!” అని జెరెమై గోలపెట్టాడు. సరేనని అందరం కలిసి కొబ్బరిపాలల్లోంచి ఒక్కొక్కటీ తీసి, కడిగి, బయట మొగలి చాపలు పరిచి ఎండేశాం. చాప మీద చాప, వరసగా. ఆ పని చేస్తుండగానే మా పెద్దత్త తోటనుంచి గంపతో వచ్చింది. గంప దించి, కళ్లజోడు పెట్టుకుని, చాపల మధ్య నడుస్తూ చదవడం మొదలెట్టింది.

“‘మా అత్త పాట. అది పాడితే మా ఆవిడ పని ఆపి నవ్వుతుంది.’ అబ్బో. ‘పడవ అడ్డం పెట్టినావిడ పాట. మూటలు మోసి నా మెడ పట్టేసింది గనక.’ ఇది నేనే. ‘మా ఆయన వాళ్ల పెద్దమ్మ పాట. ఎగరడానికి బాగుంటుంది.’ ఇదీ నేనే. ‘మా వియ్యపురాలి పాట. ఆవిడతో మాటల్లేవు, పాట మాత్రం బాగుంది.’ ఇది రాసిన ముండ ఎవరో నాకు తెలుసులే.”

ఆవిడ ఇంకా చదువుతూనే ఉంది.

“‘ఆ పాటే. మీకు తెలుసుగా. ఓడవాడు వినాలి.’”

అది నాది. మీ నేరం చెబుతూ నాది దాచను. నేను రాసింది అంతే.

“‘మా ఇంట్లో ఉన్నావిడ పాట. ఎందుకో రాయను, ఆవిడ చదివేస్తుంది.’” పెద్దత్త కళ్లజోడు పైకెత్తింది. “ఆల్ఫ్రెడ్ అక్షరాలివి.”

మిగతా పాటల చీటీలు తీసేస్తే నలభై ఒకటి. నలభై ఒక్కటీ ఒకే పాటకి.

జెరెమై పుస్తకం తిరగేశాడు. మా అత్త పాట, ఒకటి. పెద్దమ్మ పాట, ఒకటి. వియ్యపురాలి పాట, ఒకటి. నలభై ఒక్క వరసలు. “ఈ పేర్లతో మా రికార్డుల్లో పాటలే లేవండీ. ఏదో పల్లెటూరి పాటలనుకున్నాను,” అన్నాడు.

“పక్కన కూర్చుని నువ్వేం చేశావు?” అంది పెద్దత్త అల్లుడికేసి చూడకుండా.

అత్తతో నేరుగా మాట్లాడకూడదు కనక ఆల్ఫ్రెడ్ హాలు స్తంభంతో చెప్పుకున్నాడు: “‘ఈ అత్త ఎవరు?’ అని అడిగాడు. నేనేం చెప్పను? ‘మా అత్త’ అన్నాను. దాన్నీ ఇంకో పాట కింద రాసుకున్నాడు.”

మేబెల్ చాప పక్కన కూలబడింది. ఒక తడి చీటీ తీసి చదివి, ఇంకోటి తీసి చదివి, మొహం చేతుల్లో దాచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో భుజాలు చూస్తే తెలియలేదు. పెద్దత్త వెళ్లి, కొబ్బరిపాల చేత్తోనే ఆ పిల్ల చెంపలు రెండూ రుద్దింది. పౌడరు అందుబాటులో లేదు మరి.

మావాడు జుట్టులోంచి సీమపనస ముద్ద తీసుకుంటూ నా చెవిలో, “నలోట్‌లో పడటం నా పథకమే బావా. చాపల మీదకి రప్పించడానికి,” అన్నాడు. కొట్టాలని చెయ్యెత్తాను. కానీ కేసు తేలింది వాడివల్లే కదా. దించాను.

జెరెమై మాత్రం పుస్తకం మూసి, “పొరపాటే. కానీ ఐదు పేర్లు పంపేశాను. వచ్చే ఏడాది చూద్దాం,” అన్నాడు.

చూద్దామా? వచ్చే ఏడాదికి కొండ దాటే మెడలు మీవి కావు కదా!

ఈ రోజు గురువారం. ఈ కాగితం ఇవాళ్టి చిన్న విమానంలో మీకు చేరుతుంది. ఓడ శనివారం మధ్యాహ్నం దక్షిణపు రేవునుంచి బయల్దేరుతుంది. డెక్కు మీద ఐదుగురు ఆడపిల్లలకీ ఒక టీ పెట్టెకీ చోటు కావాలి. కుర్చీలడగడం లేదు, చోటు. వేదిక మీద మొదటి పాట మాది కావాలి. ఓడ యజమానికి ముందు వరసలో కుర్చీ వెయ్యాలి. మీరు మళ్లీ చీటీలు లెక్కపెట్టేటప్పుడు పక్కన ఎవరి అల్లుడో కాదు, ఎవరికీ ఏమీ కాని మేబెల్ లాంటి మనిషి కూర్చోవాలి.

రేపు మధ్యాహ్నం జాబితా తిరిగి చదవాలి. నలభై ఒక్క చీటీలూ, ఎవరెందుకు మెచ్చారో ఆ మాటలతో సహా చదవాలి. చివర పాట పేరు గట్టిగా చెప్పాలి. ఈ కాగితం తిప్పండి, వెనక మేబెల్ పెద్ద అక్షరాలతో రాసింది. మేం పలకలేం. మీకు ఆవిడ ఏమీ కాదు. పలకండి!