డీరెయిలర్‌కు గుడ్లగూబ ఈక

అల్మాటీ నగర ప్రజలకు తెలియజేయునది ఏమనగా, భూమి రికార్డుల కార్యాలయంలో ఉప అధికారి అయిన సపర్గలీ గారు తన కొండ సైకిలుకు క్లచ్ ఉన్న వెనక డీరెయిలర్‌ను ఎట్టకేలకు ఎంపిక చేసుకున్నారు. ఎంపికకు ఏడు నెలలు పట్టింది. ఆ మధ్యలోనే రెండు ఆపిల్ తోటల సరిహద్దు తగాదాను ఆయన పదకొండు నిమిషాల్లో తేల్చేశారు కాబట్టి, ఆయనకు నిర్ణయాలు తీసుకోవడం రాదని ఎవరూ అనడానికి లేదు.

అసలు విషయం చిన్నది కాదు. కిందటేడు శరదృతువులో కొండ మీంచి లోయలోకి దిగే పోటీ జరిగింది. రాళ్ల మలుపు దగ్గర సపర్గలీ సైకిలు ఎగిరింది, చైను ఊగింది, ఊడింది. ఆయన వేళ్లకు నూనె పూసుకుని దాన్ని ఎక్కించే పనిలో ఉండగా, భార్య చెల్లెలు బోతగోజ్ ఒక్క గేరున్న పాత సైకిలు మీద పక్కనుంచి పోతూ, "బావా, నీళ్లు పంపించనా, పరుపు పంపించనా?" అని అడిగింది. ఆ పిల్ల బడిలో ఆటల టీచరు. బావామరదళ్ల మధ్య ఏ మాటైనా చెల్లుతుందన్నది కజఖుల ఆచారం. మనకూ కొత్తేం కాదు.

ఈ ఏటికి పందెం వేసుకున్నారు. వెనకబడినవారు అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజు విందులో తలకు రుమాలు కట్టుకుని అరవైమందికి టీ పోయాలి. టీ పోయడం అక్కడ కోడలి పని. అల్లుడి పని, తనకోసం ప్రత్యేకంగా వండిన గొర్రె బోరముక్క తింటూ కూర్చోవడం. అటువంటి అల్లుడు, పైగా ప్రభుత్వ ముద్ర చేతిలో ఉన్నవాడు, రుమాలు కట్టుకుని, టీనీళ్లు కాగే సమోవర్ పక్కన కూర్చోవడమా? ఆ తలపుకే సపర్గలీకి రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

డీరెయిలర్ అంటే చైనును ఒక గేరు మీంచి ఇంకో గేరు మీదికి నెట్టే వెనకచెయ్యి. దానికి క్లచ్ ఉంటే ఆ చెయ్యి గతుకుల్లో ఊగదు, చైను బిగువు సడలదు. పక్కనే చిన్న మీట ఉంటుంది. పైకి తిప్పితే బిగుస్తుంది, చక్రం విప్పుకోవడానికి కిందికి తిప్పితే వదులవుతుంది. అయిదో తరగతి పిల్లవాడికైనా అర్థమయ్యే సంగతి. అందుకే పెద్దవాళ్లు అంతకాలం చర్చించారు.

నగర సైకిలు మిత్రమండలి ఫోన్ గ్రూపులో రెండువందల పద్నాలుగు మంది సభ్యులున్నారు. పొడుగు చెయ్యి మేలా, పొట్టి చెయ్యి మేలా అన్న ప్రశ్న మీద మార్చి గడిచిపోయింది. పదకొండు గేర్లవారూ పన్నెండు గేర్లవారూ ఏప్రిల్‌లో విడిపోయారు, మే నెలలో ఒకరింటి పెళ్లికి ఒకరు వెళ్లలేదు. పిల్లనిచ్చేటప్పుడు ఏడు తరాలు అడిగే జాతి అది, డీరెయిలర్‌ను ఊరికే వదులుతుందా? అది ఏ కర్మాగారంలో పుట్టింది, దాని ముందు రకానికి స్ప్రింగు జబ్బు ఉండేదా, అన్నీ విచారించారు. ఇంత విచారణ జరుగుతున్నప్పుడు పాత డీరెయిలర్‌తో సైకిలు తొక్కడం పద్ధతి కాదని సపర్గలీ సైకిలు ఎక్కడం మానేశారు. బోతగోజ్‌కు చర్చించే తీరిక లేక రోజూ తెల్లారి కొండెక్కి దిగేది.

"నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు అరగంటలో తేల్చేశారుగా" అంది భార్య జాదిరా.

"అప్పుడు గ్రూపు లేదు" అన్నారు సపర్గలీ, విచారంగానే.

సెప్టెంబరులో వస్తువు వచ్చింది. మెకానిక్ దాన్ని సైకిలుకు బిగించి, మీట పైకి తిప్పి, "తొక్కి చూసుకోండి" అన్నాడు. పాపం, కుర్రతనం. కొత్త వస్తువును కడగకుండా వాడతారా ఎక్కడైనా? కడగడమంటే నీళ్లతో కాదు. ఒక గొర్రెతో, రెండు గుర్రపు మాంసం సాసేజీలతో, ముప్ఫైమంది చుట్టాలతో. సైకిలును ఇంట్లోకి తెచ్చి, గుమ్మానికి ఎదురుగా పెద్దలు కూర్చునే చోట కంబళి మీద నిలబెట్టారు. పెద్దలు కొంచెం పక్కకు జరిగారు.

రిటైరైన రవాణా శాఖ అధికారి అల్పిస్‌బాయ్ గారు లేచి, చేతులు చాచి, ఆశీర్వచనం పలికారు. "మన తాతలు గుర్రపు జీను పటకా బిగించి గడ్డిభూములు జయించారు. ఈనాడు మా సపర్గలీ చైను బిగించి కొండను జయించబోతున్నాడు. దీని స్ప్రింగు అరగకుండుగాక. దీని పళ్లు ఊడకుండుగాక. మా శాఖలో ఉండగా నేనే ఇటువంటి పథకం ఒకటి ప్రతిపాదించాను." అందరూ తథాస్తు అన్నట్టు అరచేతులతో ముఖాలు తుడుచుకున్నారు.

అప్పుడు అత్తగారి అక్క, రిస్తీ పెద్దమ్మ, సంచిలోంచి గుడ్లగూబ ఈక తీసింది. దిష్టి తగలకుండా ఊయలకూ పెళ్లికూతురి టోపీకీ కట్టే ఈక అది. డీరెయిలర్‌కు కట్టడానికి చోటెక్కడ? వెతగ్గా వెతగ్గా ఆ చిన్న మీట దొరికింది. ఆవిడ దాన్ని కిందికి వంచి, ఎర్రదారంతో ఏడు ముడులు వేసి, మూడుసార్లు ఉమ్మినట్టు చేసి, "ఇంక కదలదు నాయనా" అంది. నిజమే, కదల్లేదు.

పోటీ రోజున సపర్గలీ పైనుంచి దూసుకొచ్చారు. మొదటి గతుకు నుంచే చైను టపటపా కొట్టుకుంటోంది. కొత్తది కదా, సర్దుకుంటుంది అనుకున్నారు. రాళ్ల మలుపు దగ్గర, పోయినేడు ఊడిన చోటే, చైను మళ్లీ ఊడింది. వెనకే వచ్చిన బోతగోజ్ ఈసారి వెక్కిరించలేదు. సైకిలు ఆపి వంగి చూసింది.

"బావా, మీట కింద ఉంది. పెద్దమ్మ ముడి పట్టేసింది. దారం తెంపి పైకి తిప్పు, రెండు నిమిషాల్లో నన్ను దాటేస్తావు."

సపర్గలీ జేబులో చాకు ఉంది. చేయి జేబులోకి వెళ్లింది కూడా. కానీ మలుపు పైన గట్టు మీద చుట్టాలంతా కంబళ్లు పరుచుకుని కూర్చున్నారు. మధ్యలో రిస్తీ పెద్దమ్మ, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని అల్లుడినే చూస్తోంది. అంతమంది ముందు పెద్దావిడ కట్టిన ముడిని తెంపడమా?

"పర్వాలేదులే, నువ్వెళ్లు" అన్నారు సపర్గలీ. ఏడు నెలలుగా దేనికోసం నిద్ర మానుకున్నారో అది ఒక దారప్పోగు అవతల ఉందని ఆయనకు తెలుసు. చైను ఎక్కించుకున్నారు. లోయ చేరేలోగా అది ఇంకో మూడుసార్లు ఊడింది.

మిత్రమండలి ఆ సాయంత్రమే అత్యవసరంగా చర్చించి, తప్పు పొట్టి చెయ్యిదేనని తీర్మానించింది. పెద్దమ్మ మాత్రం ఈక చిన్నదైపోయిందని బాధపడింది.

విందు రోజున సపర్గలీ తలకు పూల రుమాలు కట్టుకుని సమోవర్ పక్కన కూర్చున్నారు. సగం కప్పు పోస్తే ఇంకాసేపు కూర్చోమని మర్యాద. నిండుగా పోస్తే తాగి బయల్దేరమని అర్థం. ఆయన యాభైతొమ్మిది కప్పులు సగం సగం పోశారు. అరవయ్యోది రిస్తీ పెద్దమ్మది. దాన్ని అంచులు పొర్లేదాకా నింపి, రెండు చేతులతో వినయంగా అందించారు. బోతగోజ్ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దమ్మ కప్పును చూసింది, అల్లుణ్ణి చూసింది. "అయ్యో, పిల్లాడి చేతికి కూడా దిష్టి తగిలింది" అంటూ సంచిలోంచి ఇంకో ఈక తీసి, సమోవర్ కుళాయికి ఏడు ముడులు వేసింది. ఆ తర్వాత కుళాయి తిరగలేదు.

ఇది చదివి నవ్వుకుంటున్న తెలుగు పాఠకులు ఒక్కసారి కిందికి వెళ్లి, తమ కొత్త కారు ముందు వేలాడుతున్న నిమ్మకాయను తెంపి రావలసిందిగా మనవి. అమ్మ బాల్కనీలోంచి చూస్తూ ఉంటే ఇంకా మంచిది. తొందరేం లేదు, మేం ఇక్కడే కూర్చుని ఉంటాం. మీకు టీ సగమే పోశాం.