మాస్టారి జీపు

ఆదివారం ఆరాధన కాగానే, తాను కొత్తగా కొన్న పాత జీపులో భార్యను వేటపాలెం తీసుకెళ్దామనుకున్నాడు కరుణాకర్ మాస్టారు. బండి చిన్నదే గాని నాలుగు చక్రాలూ లాగుతాయి. ఒక్కటే లోపం. వేడి మీద ఆపితే వెంటనే స్టార్టు కాదు.

ఆ ఆదివారం తెల్లవారుతూనే పక్కవీధి ఇమ్మానియేలు వచ్చాడు. వాళ్ళమ్మ దేవకుమారి ముందురోజు చనిపోయింది.

"వానకి సమాధుల తోట దారంతా బురదండీ. వ్యాను డ్రైవరు రానంటున్నాడు. మీ బండే దిక్కు మాస్టారూ."

"ఎంత మాట! వస్తున్నా పద."

"ఏవండీ, ఇంజను మాత్రం ఆపకండి," అంది భార్య, ఇమ్మానియేలుకు వినపడకుండా.

ఆపలేదు. పెట్టెను జీపులోకి ఎక్కించాక పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. జీపు గుడగుడలాడుతూనే ఉంది. పాస్టరు గొంతు పెంచారు. జీపు తగ్గలేదు. చివరికి మర్యాద తెలిసిన సంఘపెద్ద ఒకాయన లోపలికి చెయ్యి పెట్టి తాళం తిప్పేశాడు. ప్రార్థన ప్రశాంతంగా ముగిసింది. జీపు ఆ ప్రశాంతతలోనే ఉండిపోయింది.

అందరూ నెట్టారు. పాడేవాళ్ళు నెట్టడానికి వస్తే పాట ఆగింది. పాడమంటే బండి ఆగింది.

ఆ హడావిడి చూసి రైతు బుల్లయ్య ట్రాక్టరు తెచ్చాడు. "ఏం బండండీ ఇది! తుక్కుకెయ్యండి," అంటూ జీపుకు మోకు కట్టి లాగాడు. పత్తిచేల మధ్యకు చేరాక ట్రాక్టరే నల్లరేగడిలో ఇరుసు దాకా దిగబడింది. పైన మబ్బు కమ్ముకొచ్చింది.

ఇమ్మానియేలు పెట్టె మీద చెయ్యి వేశాడు. "ఎవర్నీ ఎప్పుడూ ఒక్క సాయం అడగలేదండీ మా అమ్మ. ఇప్పుడు చూడండి, ఇట్టా నడిదార్లో..."

మాస్టారికి చెయ్యడానికి ఇంకేమీ తోచక తాళం తిప్పాడు. ఈలోగా ఇంజను చల్లబడినట్టుంది, స్టార్టయింది! నాలుగు చక్రాల లివరు వేసి రివర్సులో లాగాడు. సంఘమంతా ట్రాక్టరుకు భుజాలు ఆనించింది. ట్రాక్టరు మెల్లగా గట్టెక్కింది. బుల్లయ్య దిగి, తలెత్తకుండా మోకు విప్పుకున్నాడు.

జీపు మరెక్కడా ఆగలేదు. చినుకు పడేలోగా ఆ తల్లిని మట్టిలో పెట్టారు. ఇమ్మానియేలు మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇద్దరి చేతులూ బురదే.

ఈ సంగతి సత్తెనపల్లి దాకా పాకింది. బురద దారుల ఊళ్ళలో ఎవరు పోయినా మాస్టారికే ఫోను. ఆయన కాదనలేదు.

ఇప్పుడా జీపు ఏ ఇంటి ముందు ఆగినా, ఆ ఇంటి ముసలివాళ్ళు తమ ఒంట్లో బాగానే ఉందని చెప్పడానికి బయటికి వస్తున్నారు.