గోడ మీద పెరిగిన మాటలు

తలూపుడన్న మమ్మల్ని రోడ్డున పడేశాడని నా భార్య ఇప్పటికీ శాపనార్థాలు పెడుతోంది. నేను ఒప్పుకోను! నాయకుడన్నవాడు అటూ ఇటూ కాకుండా నడిమధ్యన నిలబడితేనే గెలుస్తాడు. ఏడో తరగతితో బడి మానేసి, ముప్పై ఏళ్లుగా గోడల మీద ఎన్నికల రాతలు రాస్తున్నవాణ్ని. నాకు తెలియదా?

మా వీధి సంగతే చూడండి. రోడ్డు వెడల్పు చేయాలని బస్సులవాళ్లు, వద్దని షాపులవాళ్లు. ఎన్నికల్లో నిలబడ్డ తలూపుడన్న మొదట మా పక్షమే. నా పెయింటింగ్ షాపు గోడ మీదే రాయించాడు: ‘ఒక్క షాపూ కూలనివ్వను.’

మూడే మాటలు! నాకిచ్చే కూలి డబ్బులేమో అక్షరాల లెక్కన. ఇక నాకు మిగిలేదేమిటి, చేతికంటిన రంగా?

వారం తిరక్కుండా ఎవరో ఆయన్ని ఏ పక్షమూ కాకుండా నడిమధ్యకి జరగమన్నారట. పరిగెత్తుకొచ్చాడు.

“తమ్ముడూ, ముందర ‘అన్యాయంగా’ అని ఓ మాట ఇరికించు.”

ఇరికించాను. మర్నాడు ఇంకోటి. ఆ మర్నాడు మరోటి. చివరికి గోడ నిండిపోయింది: ‘అందరితో చర్చించకుండా, అవసరానికి మించి, అన్యాయంగా ఒక్క షాపూ కూలనివ్వను.’

చూశారా? పట్టుదల మూడు మాటల్లో అయిపోతుంది. మధ్యేమార్గం గోడ చివరిదాకా పాకుతుంది! సంసారం ఉన్న పెయింటర్‌కి ఏది మేలు?

నిచ్చెన పట్టుకున్న నా భార్య కింద నుంచి కూడబలుక్కుని చదివింది.

“ఏమయ్యా, ఇంతకీ మన షాపు ఉంటుందా, ఊడుతుందా?”

“అక్షరానికింతని ఇస్తున్నాడే! నోర్మూసుకుని నిచ్చెన పట్టుకో.”

గెలిచాడా అని అడగరేం? నూట పన్నెండు ఓట్ల మెజారిటీ! బస్సు డ్రైవర్లు మొదటి మాటలు చదివి ఓటేశారు. మేం చివరి మాటలు చదివి ఓటేశాం.

పోనీ, గెలిచాక మాట తప్పాడా? ఛ! అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, టీ ఇచ్చి మరీ చర్చించాడు. మేం వద్దన్నాం, తలూపాడు. వాళ్లు కావాలన్నారు, తలూపాడు. అవసరం ఎంతో టేపు పెట్టి కొలిపించాడు. అన్యాయం అనిపించుకోకుండా ముందే నోటీసిచ్చాడు.

షాపులు కూల్చే మెషిన్ వచ్చిన రోజు నా పక్కనే నిలబడి భుజం మీద చెయ్యేశాడు.

“రాయించిన దాంట్లో ఒక్క అక్షరమైనా తప్పానా తమ్ముడూ?”

తప్పలేదన్నాను. రాసిన చెయ్యి నాదే! మొట్టమొదట పడిందీ ఆ రాతున్న గోడే.

అవసరానికి మించి పిసరైనా తీసుకోలేదు, మహానుభావుడు. ఇరవై రెండు గజాల షాపులో పోయింది ఇరవై ఒకటిన్నర.