రొసెందో ఆత్మశాంతి

మొంపోస్ ఊళ్లో ఆ ఆదివారం ఎవుఫేమియా అనుకున్న పనులు మూడే. ఏడింటి పూజకు వెళ్లాలి, మంగళవారం మోకాలి ఆపరేషన్‌కు మగాంగే పట్నం వెళ్లబోతున్న భర్త రొసెందో పేరు ఫాదర్ నోట వినాలి, తిరిగొచ్చి ఆయన్ని నిద్ర లేపాలి. ప్రార్థన కోసం ముందురోజే చర్చి వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టింది.

ఆ సైటు కట్టింది ఫాదర్ అన్సెల్మో మేనల్లుడు యేసిద్. మొదట్లో ఏదైనా తేడా వస్తే తెరమీద ఎర్ర అక్షరాలు కనిపించేవి. "అవి చూసి మన ముసలమ్మలు దేవుడికి కోపమొచ్చిందనుకుంటున్నార్రా, తీసెయ్యి," అన్నారు ఫాదర్. యేసిద్ తీసేశాడు. ఏ భాగం మొరాయించినా పేజీ ఆగకుండా, ఖాళీ గడిలో, ఎంచుకోవడానికి ఇచ్చిన మాటల జాబితాలోని మొదటి మాట దానంతటదే పడేలా చేశాడు. శనివారం 'దేని కోసం ప్రార్థన' అన్న గడి మొరాయించింది. జాబితాలో మొదటి మాట 'ఆత్మశాంతి'.

"రొసెందో ఆత్మశాంతి కోసం ప్రార్థిద్దాం," అని చదివేశారు ఫాదర్. రొసెందో చర్చి గడప తొక్కి పదకొండేళ్లయింది కనుక ఫాదర్‌కు అనుమానం రాలేదు.

ఎవుఫేమియా లేచి నిలబడింది. "మా ఆయన బతికే ఉన్నాడు ఫాదర్. ఇంట్లో గురక పెడుతున్నాడు."

"పాపం, తట్టుకోలేకపోతోంది," అంటూ పక్కావిడ ఆమెను కూర్చోబెట్టి విసనకర్ర అందుకుంది. బతికున్నాడని ఆమె ఎంత గట్టిగా అంటే, చుట్టూ ఉన్నవాళ్లు అంత గట్టిగా ఆమెను పట్టుకున్నారు. ఈలోగా చావుగంట మోగింది. రొసెందో స్థానంలో ఎవరిని కూర్చోబెట్టాలో డోమినో ఆట జట్టు చర్చి మెట్లమీదే తేల్చేసింది.

రొసెందోకు మెలకువ వచ్చేసరికి ముందుగదిలో పరామర్శకు వచ్చినవాళ్ల ఏడుపులు. అందరికన్నా పెద్దగా ఏడుస్తున్నవాడు లిబార్దో. డోమినోలో తగాదాపడి పన్నెండేళ్లుగా మాటల్లేని పాత స్నేహితుడు.

"ఆ రోజు బిళ్ల చొక్కాలో దాచింది నేనేరా రొసెందో. అయినా నిన్నే దొంగన్నాను."

చేతికర్ర ఆనించుకుంటూ వచ్చి రొసెందో కర్టెన్ పక్కకు లాగాడు. "ఆ ముక్క ఇంకోసారి అను. వెనకున్నవాళ్లకి వినబడలేదు."

సగంమంది వీధిలోకి పరుగెత్తారు. లిబార్దో మాత్రం ఉండిపోయాడు. గొంతు పెంచి ఇంకోసారి అన్నాడు. ఎవుఫేమియా ఎలాగో విడిపించుకుని వచ్చేసరికి ఇద్దరూ ఒకరినొకరు కావలించుకుని ఏడుస్తున్నారు.

"సైటు మాత్రం ఒక్క క్షణం ఆగలేదు మావయ్యా," అన్నాడు యేసిద్, కాస్త గర్వంగానే.

"అది ఆగలేదురా, మనిషిని ఆపేసింది. తెలియనప్పుడు తెలియదని చెప్పడం నేర్పు దానికి."

సాయంత్రానికల్లా ఎర్ర అక్షరాలు తిరిగొచ్చాయి. మరుసటి వారం ఏ గడీ మొరాయించలేదు. అయినా ఆత్మశాంతి కోరుతూ వచ్చిన దరఖాస్తుల్లో మూడు, బతికున్నవాళ్లు తమకోసం తామే పెట్టుకున్నవి.